ఇంకుడు గుంటలు

“వాన ఎక్కడ పడితే అక్కడే ఇంకిపోవాలి దీదీ. కిందికి దిగనిస్తేనే గొడవ,” అన్నాడు గవర్నమెంటు ఇంజనీరు నారాయణమూర్తి.

ఆ గొడవేమిటో ఎలీసబెతుకి ఒకరు చెప్పక్కర్లేదు. బతు బస్తీలో కొండవాలు కింద, పల్లంలో ఇరవై రెండు రేకుల ఇళ్లు. వానాకాలం వస్తే ఇళ్లలో మోకాలి లోతు నీళ్లు. నిరుడు ఆ నీళ్లలోనే కరెంటు కొట్టి ఆమె భర్త యేసురాజు పోయాడు.

అందుకే ఇంజనీరు నక్షా పరవగానే ముందు ఆమే కొంగు బిగించింది. వాలుకి అడ్డంగా లోతు తక్కువ కాలువలు. ప్రతి ఇంటి ముందూ పళ్లెంలాంటి గుంట. అడుగున కంకర, ఇసుక. పైన వట్టివేరు, మెట్టతామర. చూరునీళ్లు నేరుగా అందులోకే.

“ఉన్న కాస్త జాగా తవ్వేస్తే కూరపాదులెక్కడ పెట్టుకోను?” అంటూ పొరుగింటి గురమ్మ అడ్డం తిరిగింది.

“నా మొగుణ్ణి మింగిన నీళ్లు వొదినా! బారిష్ వచ్చేలోపు అయిపోవాలి. జల్దీ పార పట్టు!” అంది ఎలీసబెతు.

గురమ్మ పార అందుకుంది.

నెల రోజులు తవ్వారు. ఎలీసబెతు అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఇంజనీరు రోజూ వచ్చేవాడు. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎన్నాళ్లుగా ఉంటున్నారో ఓపిగ్గా రాసుకునేవాడు. ఇంత మర్యాదగా పేరు అడిగిన ఆఫీసరుని ఆ బస్తీ ఎన్నడూ చూడలేదు.

వాన వచ్చింది. మూడు రోజులు తెరిపి లేకుండా కొట్టింది. గుంటలు నిండాయి, ఇంకాయి, మళ్లీ నిండాయి. గడప లోపలికి చుక్క రాలేదు. ఆదివారం చర్చిలో పాస్టరు ఇంజనీరు పేరెత్తి ప్రార్థన చేస్తుంటే ఎలీసబెతు వెక్కి వెక్కి ఏడ్చింది. ఈయన ఒక్క ఏడాది ముందొచ్చి ఉంటే!

మర్నాడు ఆయనే వచ్చాడు. వంగి, ఆమె ఇంటి గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

“ఏక్‌దమ్ సూఖా సార్, తడి అన్నదే లేదు! యేసయ్య మిమ్మల్ని చల్లగా చూడాలి,” అందామె చేతులు జోడించి.

“మునుగుతుందనే ఇన్నేళ్లూ ఈ గవర్నమెంటు జాగాలోంచి మిమ్మల్ని కదపలేదు దీదీ,” అంటూ ఆయన, తవ్వకం మొదలుపెట్టకముందే టైపు కొట్టించిన నోటీసు చేతికిచ్చాడు, “ఆఫీసర్ల క్వార్టర్లకి నేల తయారైంది, నెలాఖరులోగా అందరూ ఖాళీ చెయ్యండి.”