రెండో బేస్

"అవుట్!" అంటూ అంపైర్ ఎవరిస్టో కుడిచెయ్యి పైకెత్తేసరికి గ్రనాదా జనం అప్పటికే మైదానంలోకి దూకి చిందులేస్తున్నారు.

వెయ్యరు మరి! ఎన్నేళ్లుగానో కప్పు మొహం చూడని ఊరు. బేస్‌బాల్ ఫైనల్లో ఒక్క పరుగు వెనకబడి, మూడు బేసుల మీదా మనుషుల్ని నిలబెట్టి, ఇంక ఒకే ఒక్క అవుట్ మిగిలుండగా బంతి దూరంగా గడ్డిలో పడింది. ఇద్దరు పరుగులు పూర్తి చేశారు. గెలిచేశామనుకున్నారు.

కానీ మొదటి బేస్ నుంచి పరిగెత్తిన గ్రనాదా కుర్రాడు యాదెర్, తప్పనిసరిగా తొక్కాల్సిన రెండో బేస్ తొక్కకుండానే సంబరాల్లోకి తిరిగిపోయాడంటాడు ఎవరిస్టో. అవతలి జట్టు మసాయావాళ్లు బంతి తెచ్చి ఆ బేస్‌కి ఆనించారు. మూడో అవుట్. అలా అయితే వచ్చిన పరుగులు రెండూ చెల్లవు. కప్పు మసాయాదే.

"ఏం చూశావయ్యా నువ్వు?" గ్రనాదా మేనేజర్ తెయోఫిలో మీదమీదకొచ్చాడు. "ఇంతమంది తోసుకొస్తుంటే నీకు వాడి కాలు కనబడిందా?"

"కనబడింది. తొక్కలేదు."

"కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"నాకు కళ్లద్దాలు లేవు. ఆ అబ్బాయి కాలు బేస్ మీద పడనూ లేదు."

ముసలాయన ఎత్తిన చెయ్యి దించలేదు.

గేటు దగ్గర ఆయన భార్య చెపితా బండి మీద అరిటాకుల్లో ఉడికిన కర్రపెండలం, పంది చర్మం వేపుడు పెట్టి అమ్ముకుంటుంది. పొద్దుట్నుంచీ ఊరంతా ఆవిడ చేతి తిండే తిన్నది. ఇప్పుడు ఎవడో ఆవిడ బండిని తన్నాడు. "నీ మొగుడు అమ్ముడుపోయాడే!" అని ఇంకొకడు అరిచాడు. బండి ఓ పక్కకి ఒరిగిపోయింది.

లోపల ఓ రాయి వచ్చి ఎవరిస్టో భుజానికి తగిలింది. ఉన్నది ఇద్దరే పోలీసులు. వాళ్లూ వెనక్కే జరుగుతున్నారు.

"ఆగండ్రా!"

యాదెర్ గుంపుని తోసుకొచ్చి ముసలాయనకి అడ్డంగా నిలబడ్డాడు. "ఆయన్నెందుకు కొడతారు? నన్ను కొట్టండి! నేను తొక్కలేదు."

"ఏంట్రా?" తెయోఫిలో నోరు తెరిచాడు.

"బంతి పడగానే గెలిచామనుకున్నా. ఒళ్లు తెలీక సగం దారిలోనే తిరిగిపోయా. పెద్దాయన సరిగ్గానే చూశాడు."

రాళ్లు పట్టుకున్న చేతులు కిందికి దిగాయి. ఒకడు టోపీ తీశాడు, పక్కవాడూ తీశాడు. చేతికందిన కప్పుని నిజం కోసం వదిలేసుకున్న మనిషిని వాళ్లెక్కడ చూశారు గనక? మసాయా ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి అతని చెయ్యి నొక్కి వెళ్లిపోయారు. గేటు దగ్గర తన్నినవాడే చెపితా బండిని ఎత్తి నిలబెట్టాడు.

"బాబూ, జీవితమంతా అంపైరింగే చేశాను," ఎవరిస్టో కళ్లు తుడుచుకున్నాడు. "నీలాంటివాణ్ణి చూడలేదు."

యాదెర్ తల వంచుకున్నాడు.

ఇంటికెళ్లేసరికి తల్లి ఔక్సిలియాదోరా గరిటె పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"బేస్ తొక్కాలని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు కదరా! నీకేమైంది? చచ్చేదాకా ఈ ఊరు నిన్ను ఇదే పేరు పెట్టి ఏడిపిస్తుంది!"

"ఏడిపించనీ."

"పోనీ నోరు మూసుకునైనా ఉండొచ్చుగా? అంపైర్ పాట్లేవో అంపైరే పడేవాడు."

"చంపేసేవాళ్లమ్మా ఆయన్ని."

ఆ మాటకి ఆవిడ కోపం కరిగింది. పళ్లెంలో అన్నం, ఎర్ర చిక్కుళ్లు వడ్డించి కొడుకు ముందు పెట్టింది. తల నిమిరింది.

"పోతే పోయిందిలే కప్పు. అంతమందిలో నిజం చెప్పావు. నాకదే గొప్ప."

యాదెర్ లేచి వెళ్లి వీధి తలుపు వేసి వచ్చాడు.

"తొక్కానమ్మా."