వాగులో పార

చిన్నోడు వాగులో దిగి పార వేసి గంట కాలేదు, కొత్తగా వచ్చిన చేపల శాఖ ఆఫీసరమ్మ గట్టు మీద ప్రత్యక్షమైంది.

"గట్టు మీద గడ్డి కోసుకోండి, అడ్డం పడ్డ కొమ్మలు తీసుకోండి, ఎవరూ అడగరు. అడుగున పార వేయాలంటే మాత్రం అనుమతి రావాలి. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం" అంది.

అనుమతికి దరఖాస్తు ఎప్పుడో పెట్టాడు. దానికి అతీగతీ లేదు. వానలు మాత్రం దరఖాస్తు పెట్టుకుని రావు కదా. పూడిక తీయకపోతే వాగు పొంగి చేలో పడుతుంది. పోయినేడు పంట అలాగే కుళ్లింది. ఈ ఏడూ పోతే ఇక పొలం అమ్ముకోవడమే.

ఆవిడ వెళ్లాక చిన్నోడికి ఒకటే ఆలోచన. జీపు చప్పుడు లేదు, పిల్లిలా నడిచి వచ్చింది. ఎవరో ఉప్పందించి ఉండాలి. ఇక్కడ వాగు కనిపించే ఇళ్లు రెండే. ఒకటి తనది, రెండోది అవతలి గట్టున అన్నయ్యది. ముందటేడు తీసిన బురద తన వైపు పోశాడని అన్న ఒక మాట అన్నాడు. ఆ మాట చిన్నోడికి ఇంకా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

భార్యకు చెబితే, "మీ అన్నయ్య అలాంటివారు కారండీ" అని కొట్టిపారేసింది. దాంతో ఆవిడ మీద కూడా కాస్త అనుమానం వచ్చింది.

అన్న పక్కూరికి వెళ్లిన రోజు చూసుకుని, తెల్లారీ తెల్లారకముందే మళ్లీ దిగాడు. నాలుగు తట్టలు ఎత్తాడో లేదో ఆఫీసరమ్మ రానే వచ్చింది. తడి జుట్టు ముడివేసుకుని, చెవి వెనక సబ్బు నురుగైనా కడుక్కోకుండా వచ్చింది. స్నానం మధ్యలో లేచి పరుగెత్తుకొచ్చేంత వేడివేడిగా కబురందిందన్నమాట. ఇంకోసారి దిగితే జరిమానా తప్పదని చెప్పి వెళ్లింది.

అన్న ఊళ్లో లేడు. ఇక మిగిలింది వదిన.

తల్లి పోయాక చిన్నోణ్ణి చంకన వేసుకుని పెంచింది ఆ వదినే. అనుమానానికి అవేవీ గుర్తుండవు. రెండిళ్లకూ దారిగా వాగు మీద వేసుకున్న చెక్క దాటి వెళ్లాడు. వాకిట్లో విత్తనాలు ఏరుకుంటున్న ఆవిడను అడగరాని మాటలన్నీ అడిగాడు. ఇంటిగుట్టు లంకకు చేటన్నాడు.

వదిన చేట పక్కన పెట్టింది. ఏడవలేదు. "నీకు అన్నం కలిపి పెట్టిన చేయిరా ఇది. ఈ చేత్తో నీ మీద ఫిర్యాదు చేస్తానా? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు" అంది.

చిన్నోడు వెనక్కి వచ్చి ఆ చెక్కను పీకి, ముక్కలు ముక్కలుగా నరికేశాడు. గొడ్డలి దెబ్బలు అవతలి గట్టుకు వినిపించాలనే నరికాడు.

వారం తిరక్కుండా ఆఫీసరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి అతను వాగులో దిగనే లేదు.

"మీ అనుమతి వచ్చిందండీ. అవతలి గట్టు వాళ్ల ఒప్పుదల కూడా కావాలి కదా, మీ అన్నయ్యగారూ వదినగారూ మొదట్లోనే సంతకాలు పెట్టేశారు" అంది.

చిన్నోడు అవతలికి చూశాడు. అవతలి గట్టున వదిన ఇటు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. కాళ్ల దగ్గర చెక్క ముక్కలు ఇంకా అలాగే పడి ఉన్నాయి.

"మరి నేను దిగినప్పుడల్లా మీకు కబురు చేసిందెవరు?" అని అడిగాడు.

ఆవిడ నవ్వేసింది.

"దిగువన వాగు మలుపు దాటాక మొదటి ఇల్లే నేను అద్దెకు తీసుకున్నదండీ, వాడుకకు ఈ వాగు నీళ్లే తోడుకుంటాం, మీరిక్కడ పార వేసిన కాసేపటికే మా కొళాయిలో బురద నీళ్లొస్తాయి."