వలల కింద బ్యాగు

“పోయిందండి. ఎవరో ఎత్తుకుపోయారండి,” అన్నాడు వీరబాబు మళ్ళీ.

ఎస్సై ఉమాశ్రీ అతని ముఖంలోకి చూసింది. ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన, గట్టు పక్కనే ఉంది ఆ ఇల్లు. గుమ్మంలో వీరబాబు, అతని వెనక భార్య తలుపులమ్మ, ఆమె భుజం చాటున పదిహేనేళ్ళ కూతురు శ్రీదుర్గ. పోలీసులను చూసి చుట్టుపక్కల జనం అప్పటికే పోగయ్యారు.

“ఎక్కడ పోయింది?”

“ఆటోలోనండి.”

“నాతో బస్సులో అన్నావు కదయ్యా,” అన్నాడు ఉదయ్‌భాస్కర్.

ఉదయ్‌భాస్కర్ రాజమండ్రిలో బ్యాడ్మింటన్ కోచ్. ఉమాశ్రీ కూతురు హరిచందన కూడా ఆయన దగ్గరే నేర్చుకుంటోంది. చేపలు పట్టుకు బతికే ఇంట్లోంచి వచ్చిన శ్రీదుర్గను స్కూల్లో చూసి, ఫీజు లేకుండా చేర్చుకుని, ఓ దాతను పట్టుకుని రాకెట్లూ బూట్లూ కిట్‌బ్యాగూ ఇప్పించింది ఆయనే. రాష్ట్ర స్థాయి పోటీలు దగ్గరపడిన సమయంలో పిల్ల రావడం మానేసింది. ఫోన్ చేస్తే, బ్యాగు పోయింది, ఇక ఆట లేదు అన్నాడట తండ్రి.

“అబద్ధం మేడం,” అని జీపులో వస్తూ చెప్పాడాయన. “తాగుడికి అమ్ముకుందామని దాచుంటాడు. ఇదిగో చూడండి.”

ఆయన ఫోన్లో గోదావరి ఒడ్డున ఓ ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.

“బ్యాగు అడుగున ట్రాకర్ పెట్టానండి. రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఇదివరకు మా దగ్గర రాకెట్లు పోయాయి కదా, అప్పట్నించి అందరి బ్యాగుల్లోనూ పెట్టేశాను. మీ పాప బ్యాగులో కూడా ఉంది.”

“హరి నాతో అనలేదే!”

“పిల్లలకి చెప్పలేదండి. చెబితే తీసి పారేస్తారు.”

బాగానే ఆలోచించాడు అనుకుంది ఉమాశ్రీ. గట్టు దగ్గర జీపు ఆగాక ఆయనే ముందు నడిచి, సందుల్లోంచి నేరుగా ఈ గుమ్మం ముందుకు తీసుకొచ్చాడు.

“వీరబాబూ, ఆఖరిసారి అడుగుతున్నా. బ్యాగేది?”

“లేదండి.”

ఉదయ్‌భాస్కర్ ఫోన్ మీద వేలితో నొక్కాడు. ఇంటి పక్కన ఒడ్డుకు లాగి ఉంచిన పడవలోంచి, వలల కుప్ప కింద నుంచి సన్నగా, పిట్ట కూసినట్టు చప్పుడు వినబడింది. కానిస్టేబుల్ వెంకన్న వెళ్ళి వలలు లాగేశాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కిట్‌బ్యాగు బయటపడింది. రాకెట్లూ బూట్లూ అన్నీ అందులోనే ఉన్నాయి.

“అదెలా... కూసిందండి?” అన్నాడు వీరబాబు.

“అందులో బిళ్ళుందిరా. ఎక్కడికి పట్టుకెళ్ళినా సారు ఫోన్లో కనబడుతుంది,” అన్నాడు వెంకన్న.

వీరబాబు కూతురి వైపు తిరిగాడు. శ్రీదుర్గ ముఖం పాలిపోయింది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అందుకేనా...” అని ఆగిపోయాడు వీరబాబు.

“ఏంటి అందుకేనా?” వెంకన్న చెయ్యి వీరబాబు చెంప మీద పడింది. జనంలో ఎవరో నవ్వారు. ఉమాశ్రీ వెంకన్నను వెనక్కి పొమ్మని సైగ చేసింది.

“ఎందుకు దాచావు?”

“పిల్లని పంపనండి. ఆట వద్దండి మాకు.”

“అదే, ఎందుకు వద్దు?”

వీరబాబు కోచ్ వైపు చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. తల దించుకున్నాడు.

“ఆడపిల్లండి. రేపు దాని పేరు బయటపడితే...”

“ఆడపిల్ల ఆటలాడితే పేరు పోతుందా? నేను ఆడదాన్ని కాదా? ఈ యూనిఫాం వేసుకోలేదా?”

“అది కాదమ్మగారండి...” అంటూ తలుపులమ్మ ముందుకొచ్చింది.

“నువ్వూరుకోవే. ఇంతమందిలో ఏం చెబుతావు?” అన్నాడు వీరబాబు గొంతు తగ్గించి.

ఉమాశ్రీ పిల్లను దగ్గరికి పిలిచింది. “నువ్వు చెప్పమ్మా. ఆడాలని లేదా?”

“లేదండి.”

“అలా అనమని మీ నాన్న చెప్పాడా?”

శ్రీదుర్గ తల అడ్డంగా ఊపింది. కళ్ళ నీళ్ళు జారాయి. ఆ కన్నీళ్ళే జవాబు అనుకుంది ఉమాశ్రీ. చిన్నప్పుడు తన చేత పరుగుపందేలు మాన్పించిన తండ్రి గుర్తొచ్చాడు ఆమెకు. ఆ రోజు తన తరఫున మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

“కేసొద్దు మేడం,” అన్నాడు ఉదయ్‌భాస్కర్ మెల్లగా. “పిల్లని పంపిస్తే చాలు.”

“విన్నావా? నీ మీద కేసు పెట్టాల్సినాయన నీ పిల్ల కోసం బతిమాలుతున్నాడు. ఇవాళ్టి నుంచే పంపాలి. మళ్ళీ మాన్పించావని తెలిసిందో, ఈసారి స్టేషన్లోనే మాట్లాడతా.”

వీరబాబు రెండు చేతులూ జోడించాడు. 

ఉమాశ్రీ తన చేత్తోనే బ్యాగు తీసి శ్రీదుర్గ భుజాన వేసింది. జీపు కదిలేటప్పుడు తలుపులమ్మ కొంతదూరం వెనక పరుగెత్తింది. పిల్ల ఓ మూలకి ఒదిగి కూర్చుంది.

“భయపడకు. నీకు నేనున్నాను,” అంది ఉమాశ్రీ.

కోచ్‌నూ శ్రీదుర్గనూ అకాడమీ దగ్గర దింపి స్టేషన్‌కు వెళ్ళింది.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి హరిచందన అప్పుడే ఆట నుంచి వచ్చి అట్టు తింటోంది.

“శ్రీదుర్గ ఎలా ఆడిందే?”

“ఎక్కడమ్మా! ఒక్క షటిలూ అందుకోలేదు. మమ్మల్ని ఇళ్ళకి పంపించేసి, దాన్నొక్కదాన్నే ఉండమన్నారు సార్.”

“వెనకబడింది కదా మరి,” అంది ఉమాశ్రీ తృప్తిగా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక ఆడపిల్లకి మంచి చేశానన్న సంతోషం ఆమెకు అరుదుగా దొరికేది.

కూతురి కిట్‌బ్యాగు కుర్చీలో ఉంది. కోచ్ ఆ బిళ్ళని ఎంత నేర్పుగా దాచాడో చూద్దామని ఒళ్ళోకి తీసుకుంది. రాకెట్లు తీసింది. తువ్వాలు, నీళ్ళసీసా బయట పెట్టింది. అడుగున ఉన్న అట్ట ఎత్తి చూసింది. జేబులన్నీ తిరగేసింది. కుట్ల వెంట వేళ్ళతో తడిమింది.

“ఏంటమ్మా వెతుకుతున్నావు?”

ఉమాశ్రీ బ్యాగు తలకిందులు చేసి దులిపింది.

హరిచందన బ్యాగులో ఏ బిళ్ళా లేదు.