కితమోరి ముద్ర

“తొమ్మిది నిమిషాలు,” అన్నాడు తొకుజి, గొలుసు గడియారం మూత టప్పున మూసి. “చీటీ ఏదీ?”

గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న కెన్సాకు బిక్కమొహం వేశాడు. తొకుజి కూతురు చిజురు నుదురు కొట్టుకుంది. ముప్పై రెండేళ్లకి మనసుకి నచ్చిన మనిషి దొరికాడు. నాన్నతో పెళ్లిమాట ఎత్తడానికి వస్తూ ఈవేళే ఆలస్యం కావాలా?

తొకుజి నలభై ఏళ్లు రైలింజను నడిపాడు. రిటైరయ్యాక ఆయన రైలు దిగాడుగానీ రైలు ఆయన్ని దిగలేదు. పొయ్యి కట్టేశాక దానివైపు వేలు చూపించి “మంట ఆరింది, సరే!” అని అరిస్తేగానీ వంటగది దాటడు. డ్రైవరు టోపీ భోజనానికి కూడా తియ్యడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఇంటికి ఎవరు ఆలస్యంగా వచ్చినా స్టేషనులో ఇచ్చే ఆలస్యపు చీటీ చూపించి తీరాలి. కిందటేడు చిజురుని చూడవచ్చిన అబ్బాయి నాలుగు నిమిషాలే ఆలస్యం. ఐదుకి తక్కువైతే చీటీ ఇవ్వరు కాబట్టి పాపం, టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

“రైలుది తప్పయితే చీటీ ఉంటుంది. చీటీ లేదంటే తప్పు నీది,” అన్నాడు తొకుజి.

“అది కాదండీ, నేను రైల్లో...”

“కథలొద్దు. అటు చూడు.”

గోడమీద పటంలో రంగు మారిన చీటీ. నలభై నిమిషాల ఆలస్యం, కింద ఎర్రగా ఆ ఊరి కితమోరి స్టేషను ముద్ర.

“నా పెళ్లిరోజుది. మంచులో రైలు ఆగిపోతే, ప్రయాణికుణ్ణయినా దిగి పార పట్టింది నేనే. నడుంలోతు మంచు! మా మావగారు గార్డు. ఆ చీటీ చూశాకే పిల్లనిచ్చాడు.”

“ఆ రోజు మంచు పడినట్టు నాకైతే గుర్తులేదు,” అంది ఫుమి, భర్తకి టీ పోస్తూ.

“ముస్తాబులో ఉన్నదానివి, నీకేం కనబడుతుందే?”

చిజురు కెన్సాకు చెవి దగ్గర గొణిగింది. “నిజం చెప్పు. రైలు ఆగిందా?”

“లేదు. నిద్రపట్టేసింది. ఓ స్టేషను దాటిపోయాను.”

“ఛీ! ఆ మాట మాత్రం అనకు. జేబులు వెతుకుతున్నట్టుండు.”

తొకుజి చిన్నగా దగ్గి, దొడ్డికని లేచి వెళ్లాడు. ఫుమి కూడా గుమ్మంలో బూట్లు సర్దొస్తానని అటే నడిచింది. కాసేపటికి ఇద్దరూ తిరిగొచ్చారు.

“కూర్చున్నాను, సరే!” అని చాపకి వేలు చూపించి తొకుజి చతికిలబడ్డాడు. “ఏమోయ్, ఇంకా వెతుకుతూనే ఉన్నావా? కోటు చూశావా?”

నడవలో తగిలించిన తన కోటు జేబులో కెన్సాకు చెయ్యి పెట్టాడు. కాగితం తగిలింది. తెల్లబోయి ఏదో అనబోయాడు. చిజురు అతని చెయ్యి గట్టిగా గిల్లింది.

తొకుజి చీటీ అందుకుని భూతద్దం తీశాడు.

“తేదీ, సరే! తొమ్మిది నిమిషాలు, సరే! కితమోరి ముద్ర, సరే! ఇదిగో, నా చీటీలో మూల విరిగినట్టే ఇందులోనూ విరిగింది. ముప్పై అయిదేళ్లుగా అదే ముద్ర వాడుతున్నారంటే మెచ్చుకోవాలి. అబ్బాయ్, నువ్వు వేళ తప్పని మనిషివి. పిల్లని తీసుకో!”

చిజురుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తల్లిని వంటింట్లోకి లాక్కెళ్లి వాటేసుకుంది.

“బతికించావమ్మా! ఆ చీటీ ఎప్పుడు తయారుచేశావు?”

“నేనా? నువ్వే చేశావనుకున్నానే!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈలోగా తొకుజి పిలిచాడు, అబ్బాయిని సాగనంపాలని.

“పెళ్లికి మటుకు వేళకి రావోయ్,” అంటూ ఆయన కాబోయే అల్లుడికి నడుం వంచి నమస్కరించాడు. అంత ఇదిగా వంగడంతో టోపీ ఊడి మెట్ల మీద బోర్లాపడింది. చిజురు గబుక్కున పైకెత్తింది.

టోపీ కింద మూల విరిగిన చెక్కముద్ర ఉంది.