సరుకెంత కదిలింది?

“రేటు పెరిగింది సరే, సరుకెంత కదిలింది?” అంది వెంకటశేషమ్మ.

పేపరు మడవబోతున్న జయరామయ్యకు ఒళ్లు మండింది. సూళ్లూరుపేట హైస్కూల్లో పిల్లకాయలకి లెక్కలు చెప్పే అయ్యవారికే లెక్కలా!

“పది రూపాయల నూలుమిల్లు షేరు ఏడాదికల్లా పద్దెనిమిదయింది. ఇంకేం గావాల నీకు?”

“మా పుట్టినూరు వాకాట్లో వడ్ల రేటు లేచిందంటే మా నాయన ముందు రేవుకు పోయే బండ్లు చూసొచ్చేవాడు. పదిమంది కొంటే అది రేటు. ఒక్కడే పైపైకి పాడతా ఉంటే అందులో ఏదో మతలబున్నట్టే. నీ పేపర్లో ఎన్ని షేర్లు అమ్ముడుబోయినాయో వేసినారా?”

వెయ్యలేదు. అదే వచ్చిన చిక్కు.

రేపు పొద్దున హజరత్తయ్య వస్తాడు, ఆమెకు పుట్టింటివాళ్లిచ్చిన మూడెకరాల మాగాణి కొనుక్కోడానికి. ఆ డబ్బంతా ఈ షేర్లలోనే పెట్టాలని జయరామయ్య పట్టు. ఆమె సంతకం పెట్టిందంటే ఆ నేల మళ్లీ చేతికి రాదు.

“మద్రాసు పోయి కనుక్కోనిరా. నిజంగా జనం కొంటా ఉంటే మారుమాట లేకుండా సంతకం పెడతా” అందామె.

రైలెక్కినాడే గానీ మనసు కుదురుగా లేదు. ఈ షేరు సంగతి మొదట చెవినేసింది తోటి అయ్యవారు ముత్యాలయ్య. ఎందుకు చెప్పినట్టు? ఈమధ్య ఆ మాటెత్తితే నవ్వి తప్పుకుంటాడేం? పోనీ, ఆ బ్రోకరు మాత్రం ఎట్టాంటివాడో! ఏడాదిగా ఉత్తరాలూ మనియార్డర్లే గానీ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అందరూ కూడబలుక్కుని తన కొంప ముంచుతున్నారేమో! పేరు చెబితే జాగ్రత్తపడతారని, కొత్త బేరగాడిలాగా బ్రోకరాఫీసు మెట్లెక్కినాడు.

గుమాస్తా చెంచయ్య తెలుగువాడే. అడగ్గానే పుస్తకం తీసినాడు.

“ఆ షేరా? మొత్తం నూటపాతిక దాటలేదండీ.”

“రోజుకా?”

“ఏడాదికండీ.”

జయరామయ్య పుస్తకం మీదికి వంగినాడు. “కొన్నది ఎంతమంది?”

“ఒక్కరే. ఆయన అడిగినప్పుడల్లా అమ్మేవాళ్లు దొరకరు. కాస్త రేటు పెంచితే ఎవరో ఒకరు పదో పన్నెండో ఇస్తారు. అదే పేపర్లో పడుతుంది.”

“ఎప్పుడెప్పుడు కొంటాడు?”

“ఠంచనుగా నెల మొదటివారంలో.”

“చూసినారా వాడి తెలివి! జీతాలొచ్చి జనం చేతిలో డబ్బాడే వేళ కనిపెట్టి మరీ రేటు లేపుతున్నాడు. అది చూసి మాబోటి అమాయకులు ఎగబడాలని!” జయరామయ్య బల్ల గుద్దినాడు. ఈ దొంగవెధవ మూలాన రేపు పెళ్లాం మాగాణి గంగలో కలిసేది గదా! “వాడెవడో చెప్పండి.”

“అట్టా చెప్పకూడదండీ.”

“చెప్పకుంటే ఇప్పుడే పోలీసుల్ని తెస్తా. మీక్కూడా అందులో వాటా ఉందనుకోమంటారా?”

చెంచయ్య బెదిరిపోయినాడు. కళ్లజోడు పెట్టుకుని, పుస్తకంలో వేలు ఆనించి చదివినాడు.

“సూళ్లూరుపేటలో జయరామయ్యని, ఒక అయ్యవారండీ.”