కొంగ నిలబడ్డ చోటు

"జరగను," అన్నాడు నీళ్లలో నిలబడ్డ మనిషి.

టైలరు మర్యాదగానే అడిగాడు. పిల్లలు ఆడుకుంటారు, కాస్త పక్కకి జరగమన్నాడు. అంతే.

"ఇంత సముద్రం ఉంది. ఇంకెక్కడైనా ఆడించుకో. ఇటు మాత్రం రానివ్వకు."

"ఏం, మీ తాత రాసిచ్చి పోయాడా?" అన్నాడు టైలరు బావమరిది.

ఆ మనిషి కాళ్లు ఇంకాస్త ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

నెమ్మదైన తీరం అది. అడ్డంగా రాతిగోడ కట్టాక అలలన్నీ గోడ బయటే ఆగిపోతున్నాయి. లోపల నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. సముద్రమంటే వణికిపోయే టైలరు భార్య, ఇక్కడికైతేనే వస్తానంది. ఆరేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు నెల రోజులుగా ఈ ఆదివారం కోసం ప్రాణం తీశారు.

ట్యూబులు అద్దెకిచ్చేవాడు నవ్వాడు.

"వాడా సార్? కొంగ అంటాం. సెలవు రోజొస్తే చాలు, పొద్దున్నించి చీకటి పడేదాకా అక్కడే. ఒక నట్టు లూజు."

"ఏం కొంగా, చేపలు పడ్డాయా?" అని అరిచాడు బావమరిది.

పిల్లలు పడీ పడీ నవ్వారు.

"నా వెనకాల గొయ్యుంది," అన్నాడు కొంగ. "రెండు నిలువుల లోతు."

టైలరు అతని కాళ్ల వంక చూశాడు. ఇరవై ఏళ్లుగా మనుషుల్ని కంటితోనే కొలిచి గుడ్డ కత్తిరిస్తున్నవాడు. నీళ్లు మోకాలికి రెండంగుళాల కింద ఉన్నాయి.

"గొయ్యా, గాడిద గుడ్డా! జానెడు నీళ్లలో నిలబడి రెండు నిలువులంటాడు. నా కంటికొలత ఇంతవరకు తప్పలేదు."

"ఉంటే ఏదైనా గుర్తు పెట్టాలి కదా?" అంది భార్య.

"ఎర్రగుడ్డ కట్టి కర్ర పాతానమ్మా. మూడుసార్లు పాతితే మూడుసార్లూ పీకేశారు. ఎర్రగుడ్డ కనబడితే జనం దిగరు. జనం దిగకపోతే ట్యూబులు పోవు. మనిషినైతే పీకలేరు కదా అని నేనే నిలబడుతున్నా."

ట్యూబులవాడు ఎటో చూశాడు.

"ఏమండీ, మనం ఇటే ఉందాం."

"నువ్వు బకెట్లో నీళ్లు చూసినా ఇలాగే అంటావు."

వాళ్లిలా అనుకుంటూ ఉండగానే పాప "కొంగా కొంగా" అని పాడుతూ అతన్ని దాటి పరుగెత్తబోయింది.

కొంగ చటుక్కున జబ్బ పట్టుకుని గట్టు వైపు విసిరినంత పని చేశాడు.

పాప గుక్కపట్టి ఏడ్చింది. జబ్బ మీద ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి.

మొదటి దెబ్బ బావమరిదిది. మనిషిని కొట్టాలంటే పిలవకుండానే వస్తారు జనం. నిమిషంలో పది చేతులు లేచాయి.

కానిస్టేబులు వచ్చాడు.

"ఏంటి గొడవ?"

"మా పిల్లని పట్టుకున్నాడు," అన్నాడు టైలరు.

"ఎక్కడ పట్టుకున్నాడు?"

టైలరు లెక్క వేసుకున్నాడు. జబ్బ అంటే మందలించి వదిలేస్తారు.

"ఎక్కడపడితే అక్కడ," అన్నాడు.

భార్య అతని ముఖంలోకి చూసింది.

కొంగ నోట్లోంచి రక్తం కారుతోంది. "కొట్టండయ్యా. ఎంతసేపైనా కొట్టండి. ఇక్కడే నిలబెట్టి కొట్టండి. ఇక్కణ్ణుంచి మాత్రం తీసుకుపోకండి."

"స్టేషన్లో ఇంకా బాగా కొడతాం, పద."

జనం నవ్వారు.

కొంగ వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్లాడు.

"బావా, పొద్దంతా వాడు అంటిపెట్టుకుని ఉన్నాడంటే అన్నిటికన్నా మంచి చోటు అదే అయ్యుంటుంది," అన్నాడు బావమరిది, బాబుని భుజాన ఎక్కించుకుంటూ.

పాప ముందు నడిచింది. కొంగ నిలబడ్డ చోటు దాటి రెండడుగులు వేసింది.

మూడో అడుగుకి లేదు.

అల రాలేదు. చప్పుడు కాలేదు. నీళ్ల మీద ఎండ అలాగే మెరుస్తోంది.

టైలరు దూకాడు. కాళ్లకి నేల తగల్లేదు. బావమరిది జుట్టు పట్టుకుని ఈడ్చకపోతే అతనూ పోయేవాడు. కొట్టడానికి లేచిన పది చేతుల్లో ఒక్కటీ నీళ్లలో దిగలేదు. వల పట్టుకుని పడవవాళ్లు వచ్చేసరికి అరగంట దాటింది.

సాయంత్రం సంతకాలకని టైలరు స్టేషనుకి వెళ్లాడు.

కొంగ గోడ పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పెదవి వాచిపోయింది. అతను టైలరు చొక్కా మీది ఉప్పు మరకల వంక చూశాడు.

"పాపా, బాబా?"

"పాప."

కొంగ కళ్లు మూసుకున్నాడు.

కానిస్టేబులు పొద్దుటి ఫిర్యాదు కాగితం ముందుకు తోశాడు. "మరి దీన్నేం చేద్దాం?"

టైలరు చింపబోయాడు. చింపలేక, దాన్ని చేతిలో పట్టుకునే పోయి కొంగ పక్కన కూలబడ్డాడు.

"అక్కడ గొయ్యెందుకుంది?"

"ఆ గోడ కట్టేటప్పుడు ఇసుక లోపలి నుంచే తోడారు. మామూలు సముద్రమైతే ఏడాదిలో పూడ్చేసుకునేది. గోడ లేచాక అలలూ రావు, ఇసుకా రాదు. మొదటేడే ఇద్దరు పిల్లలు పోయారు."

"ఆ ఇద్దరిలో... నీ బిడ్డ ఉందా?"

"లేదు. నాకు పిల్లల్లేరు."

"మరి నీకెందుకయ్యా ఇంత బాధ?"

కొంగ తన అరచేతులు చూసుకున్నాడు.

"మిషను మీద కూర్చుని ఆ గొయ్యి తవ్వింది నేనేనయ్యా," అన్నాడు.