ఏ ముప్పైమందిని?

ఏటిగట్టు అడవిలో పక్షుల బడి ఒకటుండేది. వానాకాలంలో గట్టు మునిగిపోతుంది కాబట్టి, పిల్లలకు ముందే ఏరు దాటడం నేర్పాలి. ఆ ఏడాది గింజలు సరిగా పండక జీతాలు సగమయ్యాయి. పంతుళ్లు పొరుగడవికి వెళ్లిపోయారు. అరవైమంది పిల్లలకు వడ్రంగిపిట్ట పంతులమ్మ ఒక్కతే మిగిలింది.

ఆమె బడి పెద్ద అయిన నెమలి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, ఒక్కదాన్నే. వానల్లోగా సగంమందికే నేర్పగలను. ఇంకొకరిని ఇవ్వండి."

"గింజలెక్కడివమ్మా? ఆ సగంమందికే నేర్పు," అంది నెమలి.

మర్నాడు ఆమె అరవైమందినీ తెచ్చి నెమలి ముందు నిలబెట్టింది.

"ఏ ముప్పైమందిని వదిలేయాలో మీరే చూపించండి. చూపించేదాకా కదలను."

నెమలి ఒక్కొక్క పిల్లనే చూసింది. ఎవరినీ చూపించలేకపోయింది. చివరికి, పక్కన ఆకుల మీద హాజరు రాస్తున్న నాలుగు కొంగల వైపు తిరిగింది.

"మీకు ఏరు దాటడం వచ్చుగా?"

"వచ్చండీ. కానీ మాది ఆఫీసు పని."

"రేపట్నుంచి బడి పని."

తెల్లారగానే కొంగలు బడికొచ్చాయి. ఏడాదిగా తను హాజరు వేస్తున్న పిచ్చుకపిల్ల ముందు ఒక కొంగ వంగి, "నీ పేరేమిటమ్మా?" అని అడిగింది.